పొద్దుగాల లేచినకాడికెల్లి

మిర్యాలగూడలో మా క్లినిక్ వెనక ఒక రైస్ మిల్లు ఉంది. మధ్యాహ్నం రెండు దాటాక అక్కడ వడ్లు ఉడకబెడతారు. ఆ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చే వేళకే మాకు చాయ్ కూడా వస్తుంది. నిన్న నా ఎదురుగా కూర్చున్న ఒక పెద్దమనిషి స్టీలు గ్లాసు అందుకోబోతే అది బల్ల మీద టకటకా మోగింది. అంచు దాకా నింపిన గ్లాసు. ఆయన గబుక్కున రెండో చెయ్యి కూడా వేసి, "చలి మేడమ్" అన్నాడు. బయట ఎండ మండిపోతోంది. చెయ్యి వణికినవాళ్లలో చాలామంది ముందు చెప్పేది చలి సంగతే. రాస్తున్న కాగితం పక్కకు జరిపి, "పొద్దున లేచిన దగ్గర నుంచి మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పండి" అన్నాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో ఆయన తాగుడు గురించి నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, అయినా మొదటి రోజుకి కావలసింది తెలిసింది. గ్లాసు నింపడమూ, అలా అడగడమూ రెండూ నావి కావు, సువార్తమ్మ సిస్టర్‌వి.

మానసిక వైద్యంలో పీజీ పూర్తిచేసి, ఆ సర్టిఫికెట్ మీద సిరా ఆరకముందే సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో చేరాను. అక్కడ ఆమె హెడ్ నర్సు. యాభై నాలుగేళ్లు, దళసరి కళ్లద్దాలు, ఎప్పుడూ జేబులో వేయించిన బఠానీలు. ఊరు ఆ పక్కనే ఆత్మకూర్ (ఎస్). ఆదివారం చర్చికి వెళ్లే ముందు కూడా వార్డులో ఒక చుట్టు తిరిగి వెళ్లేది. నలుగురిలో నన్ను 'మేడమ్' అనేది, ఎవరూ లేనప్పుడు 'బిడ్డా' అనేది. నాది కోదాడ కావడం వల్ల నా మాటలో 'అండి'లు ఎక్కువ. "నువ్వు గట్ల అండి అండి అంటె ఈ ముసలోళ్లు నిన్ను బ్యాంకుల మేనేజరనుకుంటరు బిడ్డా, నిజం జెప్పరు" అని ఏడిపించేది. క్యాంటీను నుంచి చాయ్ కెటిల్‌లో వస్తే ఓపీలో కూర్చున్నవాళ్లకు తనే స్వయంగా పోసేది, ప్రతి గ్లాసూ అంచు దాకా. మూడు నెలల పాటు నేను దాన్ని ఆమె ప్రేమ అనుకున్నాను. ఒకసారి, "కొంచెం తక్కువ పొయ్యండి సిస్టర్, పాపం బట్టల మీద పడుతోంది" అని సలహా కూడా ఇచ్చాను. ఆమె నా వైపు చూసి రెండు బఠానీలు నోట్లో వేసుకుంది.

ఆ నాలుగో నెలలోనే యాదమ్మ వచ్చింది. తుంగతుర్తి వైపు ఒక పల్లె. నాట్లకు వెళ్తూ ట్రాక్టర్ మీద నుంచి దిగబోయి జారిపడితే ఎడమ మణికట్టు విరిగింది. ఎముకల డాక్టరు ఆపరేషన్ చేసి కట్టు కట్టాడు. అంతా బాగానే ఉందనుకుంటుండగా మూడో రోజు పొద్దున ఆమె మనిషి మనిషిలా లేదు. ఒళ్లంతా చెమటలు. మంచం మీద చీమలు పాకుతున్నాయని దుప్పటి మీంచి ఏరి ఏరి పారేస్తోంది. భర్త సైదులును పట్టుకుని, "ఎవనివిరా నువ్వు" అంటోంది. పక్క మంచం వాళ్లు గాలి సోకిందన్నారు. నన్ను పిలిచారు. నేను పుస్తకంలో ఉన్నట్టే సైదులును అడిగాను: "తాగుడు అలవాటు ఉందాండి ఆవిడకి?"

"లేదు మేడమ్. మా ఇంట్ల తాగుడు ముచ్చటనే లేదు. నేను సుత ముట్ట" అన్నాడు అతను, కొంచెం నొచ్చుకుని.

నేను కేసు షీటులో 'మద్యం అలవాటు లేదు' అని చక్కటి అక్షరాలతో రాశాను. రక్తంలో ఇన్‌ఫెక్షన్ అయినా కావాలి, తలకు దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టి అయినా ఉండాలి అనుకుని హైదరాబాదు పంపించమన్నాను. అంబులెన్సు కోసం ఫోను కూడా చేశారు. అప్పుడు సువార్తమ్మ సిస్టర్ వచ్చింది. యాదమ్మ కుడిచేతిని తన అరచేతిలో పెట్టుకుని కాసేపు అలాగే ఉంచింది. తరువాత అంబులెన్సు మనిషితో, "జర ఆగు నాయినా" అని, సైదులును స్టూలు మీద కూర్చోబెట్టింది.

"సైదులూ, మీ ఇంటామె పొద్దుగాల లేచినకాడికెల్లి పండుకునే దాంక ఏమేం జేస్తదో చెప్పు. ఏది ఇడిసిపెట్టకు."

"నాలుగింటికి లేస్తది. వాకిలూడుస్తది, బర్రెకు గడ్డేస్తది. వంట జేసి, సద్ది కట్టుకొని పనికి పోతది. ఐదింటికి మళ్లుతది. వస్తవస్త ఆడోళ్లందరు కల్లు కాంపౌండ్ కాడ కూసుంటరు, ఈమె సుత కూసుంటది. రెండు సీసల కల్లు తాగి ఇంటికొస్తది. ఇంత తిని పంటది."

"ఎప్పటిసంది?"

"మా రేణుక పుట్టినకాడికెల్లి. ఇర్వై ఏండ్లు దాటింది. అప్పుడు చెట్టు కల్లు, ఇప్పుడు కాంపౌండ్ కల్లు."

"తాగని రోజున్నదా?"

అతను ఆలోచించాడు. "ఎలచ్చన్లప్పుడు కాంపౌండ్ బందున్నది. ఆ రెండ్రోజులు నిద్ర లేదు, వొళ్లంత వణుకుడు. జరమనుకున్నం. మళ్ల తాగినంక తగ్గింది."

నాకు తల కొట్టేసినట్టయింది. "ఇందాక అడిగితే తాగుడు లేదన్నారు కదండీ" అన్నాను. అతను నిజంగానే అర్థంకాక నా మొహం చూశాడు. "కల్లు తాగుడెట్లయితది మేడమ్? అందరు తాగేదే గదా." అతను అబద్ధం ఆడలేదు. పనిచేసి వచ్చిన ఒళ్లు నలుగురితో కూర్చుని సేదదీరే చోటు అది, వాళ్ల లెక్కలో అది తాగుడు కాదు. ఆ సీసాలో చెట్టు నుంచి దిగిన కల్లు ఎంతో, నిద్రమాత్రల్లో ఉండే పదార్థం ఎంతో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. తప్పు నా ప్రశ్నది. అంబులెన్సును వెనక్కి పంపించి, రోజూ అలవాటైన మత్తు ఒక్కసారిగా ఆగితే వచ్చే ఆ స్థితికి ఇంజెక్షన్ రాశాను. సిస్టర్ కేసు షీటు నా ముందు పెట్టి, నేను రాసిన ఆ చక్కటి అక్షరాల పక్కన పెన్ను ఉంచి వెళ్లిపోయింది. కొట్టేసి మళ్లీ రాసుకున్నాను.

ఆ సాయంత్రం యాదమ్మ నిద్రపోయాక సైదులుకు జరిగింది వివరించడానికి కూర్చున్నాను. మెదడును నెమ్మదింపజేసే రసాయనం ఒకటుంటుందని, ఉరకలెత్తించేది ఇంకొకటుంటుందని, మత్తు రోజూ మొదటిదానికి బలం ఇస్తూంటే సమతూకం కోసం మెదడు రెండోదాన్ని పెంచుకుంటుందని, గ్రాహకాలని, ఇంకా ఏమేమో చెప్పాను. అతను పంచాయతీ ఆఫీసులో నోటీసు వింటున్నవాడిలా తల ఊపుతున్నాడు. బఠానీలు నములుతూ గుమ్మంలో నిలబడ్డ సిస్టర్ ఇక ఆగలేక లోపలికి వచ్చింది.

"సైదులూ, నువ్వు ట్రాక్టర్ తోల్తవు గదా. బ్రేకు మీద ఒకడు కాలేసి కూసున్నడనుకో. తియ్యమంటె తియ్యడు. నీకేమో మడి దున్నాలె. ఏం జేస్తవ్?"

"ఇంజన్ రేజ్ జేస్త."

"ఇర్వై ఏండ్లు గట్లనే రేజ్ జేసి తోలినవ్. మొన్న దవాఖానకు వచ్చినంక వాడు ఒక్కసారే కాలు తీసిండు."

సైదులు స్టీరింగు తిప్పినట్టు రెండు చేతులూ పక్కకు విసిరాడు. "బండి కాలువలకు పోతది" అన్నాడు.

"గదే అయింది. ఇగ మేడమ్ జేసేదేందంటే, ఆ కాలును మళ్ల బ్రేకు మీద పెట్టి, జరంత జరంత తీస్తది. నడుమల నువ్వు ఆగం జెయ్యకు." అతను లేచి నిలబడి ఇద్దరికీ దండం పెట్టాడు. పీజీలో మూడేళ్లు నేను చదివిన పాఠం అదే, రెండు నిమిషాల్లో అయిపోయింది. నాకు కొంచెం ఉడుకుమోతుతనం కూడా వచ్చింది, ఒప్పుకోవాలి.

మూడు రోజులకు యాదమ్మ తేరుకుంది. నేను పుస్తకం తీశాను. ఒంటికి అలవాటుపడటం వేరు, వ్యసనపు జబ్బు వేరు. వైద్యుడు రాసిచ్చిన మందుకైనా ఒళ్లు అలవాటుపడవచ్చు. అదుపు తప్పిందా, నష్టం తెలిసీ మానలేకపోతోందా, దానికోసం ఇష్టమైనవి వదులుకుందా, దాని మీదకే మనసు లాగుతోందా అని చూడాలి. అలాంటివి పదకొండు ఉంటాయి. సిస్టర్ ఆ పదకొండు ఎప్పుడూ అడిగేది కాదు. మనిషి చేత తన రోజు చెప్పించేది, ఒక్కసారి కాదు, మూడు వేర్వేరు పూటల్లో. "మొదటిపారి చెప్పినప్పుడు అందరి రోజు కడిగిన ముత్యమే బిడ్డా. రెండోపారి జర మట్టి అంటుతది. మూడోపారికి మనిషి కనపడతడు" అనేది.

యాదమ్మ రెండోసారి చెప్పినప్పుడు కాంపౌండ్ మూల సంగతి వచ్చింది. "తాగొద్దనే అనుకుంట వస్త సిస్టర్. ఆ మూల తిరగంగనే కాళ్లు అటే పోతయి. నోట్ల నీళ్లూరుతయి. తాగితె పెద్ద సంతోషం సుత లేదు ఇప్పుడు." డోపమిన్ అనే రసాయనాన్ని అందరూ ఆనందానికి సంబంధించింది అనుకుంటారు. చాలా మటుకు అది ఎదురుచూపుది. రోజులు గడిచేకొద్దీ అది సీసా దగ్గర కాకుండా సీసాకు దారితీసే మూల దగ్గరే ఎగసిపడుతుంది. తృప్తి తగ్గిపోయినా లాగడం తగ్గదు. నేను ఇదంతా చెప్పబోయేలోపే సిస్టర్, "మీ ఊళ్లెకు ఇంకో తొవ్వ లేదా?" అని అడిగింది. చెరువుకట్ట వెంట ఉందట, కొంచెం దూరం. "ఇగ గా తొవ్వనే పో" అంది.

మూడోసారి చెప్పినప్పుడు మనుమరాలి సంగతి వచ్చింది. రేణుక మిర్యాలగూడలో ఉంటుంది, భర్త మిల్లులో పని. కాన్పుకు తల్లి దగ్గరకే వచ్చింది. పిల్లకు మూడు నెలలప్పుడు ఒక సాయంత్రం పిల్లను యాదమ్మ పక్కన పడుకోబెట్టి నీళ్లకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి పిల్ల మంచం కింద ఉంది, నుదురు చిట్లి ఏడుస్తోంది. యాదమ్మకు మెలకువ రాలేదు. మర్నాడే రేణుక పిల్లను తీసుకుని వెళ్లిపోయింది, ఆ తరువాత తల్లి చేతికి ఇవ్వలేదు. "నా చెయ్యి ఎప్పుడు బాగైతది అని నేనడుగుత లేను మేడమ్. పిల్లను ఒక్కపారి ఎత్తుకోనిస్తదా, జర నువ్వు అడుగు" అంది యాదమ్మ. ఎనిమిది నెలల పిల్ల అప్పటికి. రేణుక దవాఖానకు వచ్చిన రెండుసార్లూ పిల్లను చంకనేసుకుని వార్డు గుమ్మంలోనే నిలబడి మాట్లాడి వెళ్లింది. యాదమ్మ చూపంతా పిల్ల మీదే ఉండేది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం సిస్టర్‌ను కోదాడలో మా ఇంటికి భోజనానికి తీసుకువెళ్లాను. మా అమ్మ గోంగూర పప్పు చేసింది. వడ్డిస్తూ, "రోజంతా ఆ తాగుబోతులతో ఎలా వేగుతారమ్మా?" అని అడిగింది.

"తాగుబోతులెవరు రారక్కా మా కాడికి. నిద్ర పట్టనోళ్లొస్తరు, చెయ్యి వణికెటోళ్లొస్తరు" అని సిస్టర్ నవ్వి, మామూలు కబుర్లలో పడేసినట్టే, "ఇంత పెద్దిల్లు ఒక్కదానివే సూసుకుంటవు, పొద్దుగాల లేచినకాడికెల్లి ఏం జేస్తవక్కా?" అంది. అమ్మకు తన రోజు గురించి ఎవరూ అడిగి ఎరగరు. ముగ్గు, పూజ, కూరలబండి, ఎదురింటావిడతో మాట్లాడే ఫోను, అన్నీ వరసగా వచ్చాయి. "తొమ్మిదిన్నరకి సీరియల్ అయిపోతుంది. మాత్ర వేసుకుని పడుకుంటా."

"ఏం మాత్రక్కా?"

"నిద్రకమ్మా. ఆపరేషన్ అయినప్పుడు డాక్టరు గారు పది రోజులకి రాసిచ్చారు. అది లేకపోతే తెల్లార్లూ గుండె దడే."

"ఆపరేషన్ ఎప్పుడైంది?"

"ఇది ఇంటర్ చదివేటప్పుడు."

మాత్రలు తెమ్మన్నాను. అమ్మ అల్మరా నుంచి తెచ్చిన స్ట్రిప్ చూశాను. కల్తీ కల్లులో ఎక్కువగా దొరికే పదార్థమే అది, వెండి రంగు రేకులో పొందిగ్గా. పన్నెండేళ్లు. నేను ఎంబీబీఎస్ చదివాను, పీజీ చేశాను, ఆ ఇంట్లోనే తిని పడుకున్నాను. "ఎప్పుడూ చెప్పలేదేంటమ్మా" అన్నాను. "నువ్వెప్పుడూ అడగలేదుగా. అయినా అదేమన్నా అలవాటా, డాక్టరు గారు రాసిందేగా" అంది అమ్మ. సైదులు చూసినట్టే చూసింది నా వైపు. తిరుగు బస్సులో సిస్టర్ బఠానీలు నములుతూ సూర్యాపేట దాకా వచ్చింది. దిగేటప్పుడు, "మీ అమ్మకు ఒక్కసారే బంద్ జేపియ్యకు బిడ్డా" అంది. నెలల తరబడి, పావు మాత్ర చొప్పున తగ్గించుకుంటూ వచ్చాం. ఇప్పుడు అమ్మ మాత్ర లేకుండానే నిద్రపోతుంది, సీరియల్ మధ్యలోనే.

నేను చేసిన అసలు తప్పు ఆ తరువాతది. యాదమ్మ ఇంటికి వెళ్లిన మూడు వారాలకు మళ్లీ చూపించుకోవడానికి వచ్చింది. చెరువుకట్ట దారినే వెళ్తోందట, మాత్రలు సైదులు దగ్గరుండి ఇస్తున్నాడట. మొహం తేటగా ఉంది. నేను కబురు పెట్టి రేణుకను కూడా రప్పించాను. నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. సిస్టర్ లాగే ఒక గ్లాసు చాయ్ అంచు దాకా నింపి, కట్టు లేని కుడిచేతికి ఇచ్చి, "ఆ చివరి మంచం దాకా ఒలకకుండా తీసుకెళ్లి రండి యాదమ్మా. మీ అమ్మాయి చూస్తుంది" అన్నాను. చెయ్యి బాగుపడిందని రుజువు చూపిస్తే రేణుక పిల్లను ఇస్తుందని నా లెక్క. యాదమ్మ పెదవులు బిగపట్టి నడిచింది. మూడు మంచాలు దాటింది, నాలుగు దాటింది. ఐదో మంచం దగ్గర చెయ్యి వణికింది. చాయ్ నేల మీద పడింది. రేణుక పిల్లను తీసుకుని వరండాలోకి వెళ్లిపోయింది. యాదమ్మ కూర్చుని కొంగుతో నేల తుడుస్తోంది.

సిస్టర్ నన్ను డ్రెస్సింగ్ గదిలోకి రమ్మంది. తలుపు వేసింది. అంత కోపం ఆమెలో అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు.

"గ్లాసు నాకు తెల్వనీకె నింపుకుంట బిడ్డా. ఎవరి చెయ్యి ఎట్లున్నదో నాకెర్కయితె మందు సక్కగ ఇయ్యొచ్చని. మనిషిని నలుగుట్ల ఓడగొట్టనీకె గాదు. రేపు కోదాడకు పోయి మీ అమ్మకు సుత గ్లాసిచ్చి నడిపిస్తవా?"

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. కొంచెం దూది చేతిలో పెట్టి, "తుడుసుకొని రా" అని వెళ్లింది.

నేను వెళ్లేసరికి వార్డు మూల చాప పరిచి ఉంది. సిస్టర్ యాదమ్మను గోడకు ఆనించి, కాళ్లు మడిపించి కూర్చోబెట్టింది. వరండాలో రేణుకతో మాట్లాడుతోంది, గొంతు తగ్గించకుండా, యాదమ్మకు వినబడేలాగానే. "మీ అమ్మ చెయ్యి ఇంక కొన్ని దినాలు వణుకుతది. నేను అబద్ధం జెప్ప. మళ్ల తాగదని సుత నేను మాటియ్య. అమ్మ దగ్గర పిల్లను ఒక్కదాన్ని ఇడిసిపెట్టకు. గాని కింద కూసున్న మనిషికి చెయ్యి వణికినా ఒడి వణకదు. నువ్వు పక్కనే కూసో."

రేణుక పిల్ల నుదుటి మీద సన్నటి మచ్చను బొటనవేలితో రాస్తూ ఉంది. చివరికి వచ్చి చాప మీద తల్లికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని, "నడుం పట్టుకో అమ్మా, నేనీడనే ఉన్న" అని పిల్లను ఒడిలో పెట్టింది. పిల్ల ఏడవలేదు. కట్టు అంచు పట్టుకుని పీకడం మొదలుపెట్టింది. యాదమ్మ వంగి పిల్ల నడినెత్తి వాసన చూసింది. మళ్లీ చూసింది. నా జీవితంలో నేను చూసిన సంతోషాల్లో అదొకటి.

దసరా తరువాత నాలుగు రోజులు యాదమ్మ మళ్లీ తాగింది. ఐదో రోజు ఎవరూ తీసుకురాకుండా తనే బస్సెక్కి వచ్చి, ఓపీలో నా ముందు కూర్చుని, "పొద్దుగాల లేచినకాడికెల్లి జెప్త మేడమ్, రాసుకో" అంది. ఆ రోజు ఆమె మొదటిసారే నిజం చెప్పింది. సిస్టర్ చాయ్ పోసింది, అంచు దాకా, ఏమీ జరగనట్టు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఇప్పుడు యాదమ్మ మిర్యాలగూడలో కూతురి దగ్గరే ఉంటోంది. పిల్ల రెండో తరగతి. బడి నుంచి తీసుకువెళ్లేది అమ్మమ్మే, రోడ్డు దాటేటప్పుడు పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది.

సువార్తమ్మ సిస్టర్ రిటైరై ఆత్మకూరులో ఉంటోంది. కోళ్లు పెంచుతోంది. పోయిన ఆదివారం వెళ్లాను. ఆమె కుర్చీలో కూర్చుని కబుర్లు చెబుతుంటే ఒడిలో ఉన్న కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ బఠానీ గింజను నలుపుతున్నట్టు కదులుతున్నాయి. చేతిలో బఠానీ లేదు. పెద్దవయసులో వచ్చే వణుకుడు జబ్బు ఒకటి అలాగే మొదలవుతుంది. లేచి చాయ్ తెచ్చి నా గ్లాసులో పోసింది, ఎప్పటిలాగే అంచు దాకా. ఇవ్వబోతే సగం పళ్లెంలో పడింది. నేను చూశాను. నేను చూడటం ఆమె చూసింది.

"ఏం సూస్తున్నవ్ బిడ్డా? చలి అని జెప్పాల్నా?"

నేను కుర్చీ లోంచి దిగి ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాను. రెండు చేతులతో గ్లాసు అందుకుని పక్కన పెట్టాను. "పొద్దున లేచిన దగ్గర నుంచి చెప్పండి సిస్టర్" అన్నాను.

ఆమె నవ్వింది. "మొదటిపారి అబద్ధాలే జెప్త మరి."

"మూడుసార్లూ వింటాను" అన్నాను.

సిస్టర్ కళ్లద్దాలు సర్దుకుంది. వణికే చేతిని దాచుకోకుండా ఒడిలోనే ఉంచుకుని, "ఐదింటికి లేస్త బిడ్డా" అని మొదలుపెట్టింది.